టైమ్‌స్టాంప్ నుంచి తేదీకి, తేదీ నుంచి టైమ్‌స్టాంప్‌కి: పైథాన్‌లో తప్పు లేకుండా మార్చడం

లాగ్ ఫైల్ తెరిచారు. ఘటన ఎప్పుడు జరిగిందో ఉండాల్సిన చోట 1700000000 అని ఒక సంఖ్య ఉంది, అదే టైమ్‌స్టాంప్. అది యూటీసీ (ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే సమయం) ప్రకారం 2023 నవంబర్ 14, మంగళవారం, రాత్రి 10 గంటల 13 నిమిషాల 20 సెకన్లు. ఈ మార్పిడికి పైథాన్‌లో ఒక్క లైను చాలు. కానీ ఆ ఒక్క లైనులోనే ఐదున్నర గంటలు తేడా రావచ్చు, పూట మారిపోవచ్చు, ఏకంగా 1970లోకి వెళ్ళిపోవచ్చు. ఇవేవీ ఎర్రర్‌గా కనిపించవు. తప్పు తేదీ కూడా తేదీలాగే ఉంటుంది కదా.

నా అనుభవంలో ఈ తప్పులన్నీ దాదాపు ఒకే చోట పుడతాయి. టైమ్‌స్టాంప్‌కి టైమ్‌జోన్ ఉండదు, దానికి ఆ అవసరమే లేదు. మనం చదివే తేదీకి మాత్రం టైమ్‌జోన్ లేకపోతే అర్థమే లేదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళేటప్పుడు ఆ జోన్‌ని మనం చెప్పకపోతే ప్రోగ్రామ్ తనంతట తానే ఏదో ఒకటి అనుకుంటుంది. దానికి ఆ అవకాశం ఇవ్వకుండా రాయడమే ఈ వ్యాసమంతా.

ఒక మాట ముందే చెబుతాను. ఫంక్షన్ల పేర్లు ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. ఎడిటర్‌లో వాటిని ఇంగ్లిష్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయాలి.

ఆ సంఖ్య దేన్ని లెక్కపెడుతోంది

యూటీసీ ప్రకారం 1970 జనవరి 1, అర్ధరాత్రి 00:00:00 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో ఆ లెక్కే యూనిక్స్ టైమ్‌స్టాంప్. ఆ మొదలు క్షణాన్ని ఎపాక్ అంటారు. మొదట్లో ఇది ఇలా లేదు. 1971 నవంబర్‌లో వచ్చిన యూనిక్స్ మొదటి మాన్యువల్‌లో లెక్క 1971 జనవరి 1 నుంచి మొదలవుతుంది, అదీ సెకనులో 60వ వంతు చొప్పున. అలా లెక్కపెడితే 32 బిట్ల చోటు సుమారు రెండేళ్ళ మూడు నెలలకే నిండిపోతుంది. తర్వాత పూర్తి సెకన్లకు, 1970కి మారారు.

ఈ లెక్కలో ప్రతి రోజుకీ సరిగ్గా 86400 సెకన్లే. నిజానికి భూమి తిరుగుడుతో సరిపెట్టడానికి 1972 నుంచి యూటీసీకి అప్పుడప్పుడు ఒక లీప్ సెకను కలుపుతూ వచ్చారు. 2016 డిసెంబర్ 31 నాటిదాంతో కలిపి అవి 27. యూనిక్స్ టైమ్ వీటిని పట్టించుకోదు. ఆ రోజు 23:59:60కీ, దాని తర్వాత వచ్చిన 2017 జనవరి 1 00:00:00కీ ఒకే సంఖ్య, 1483228800. పైథాన్ డేట్‌టైమ్‌లో కూడా సెకన్లు 59 దాటవు. మామూలు అప్లికేషన్లు రాసేవాళ్ళు దీని గురించి టెన్షన్ పడనక్కర్లేదు. రోజుకి 86400 అన్న ఈ సరళమైన నియమం వల్లే చేత్తో లెక్క కట్టడం కూడా సాధ్యమవుతుంది.

ముందు ఒక్కసారి చేత్తో లెక్క కట్టండి

లైబ్రరీ ఉండగా ఇదెందుకు అనిపించవచ్చు. ఒక్కసారి చేసి చూస్తే లైబ్రరీ లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది. ఎక్కడ తేడా రాగలదో కూడా తెలుస్తుంది. అందుకే పది నిమిషాలు పెట్టమంటున్నాను.

1700000000ని 86400తో భాగించండి. భాగఫలం 19675, శేషం 80000. అంటే ఎపాక్ నుంచి 19675 రోజులు పూర్తయ్యాయి, 19676వ రోజులో 80000 సెకన్లు గడిచాయి. 80000ని 3600తో భాగిస్తే 22 గంటలు, మిగిలింది 800. దాన్ని 60తో భాగిస్తే 13 నిమిషాలు, 20 సెకన్లు. సమయం వచ్చేసింది, 22:13:20.

ఇక తేదీ. 1970 నుంచి 2022 చివరి వరకు 53 సంవత్సరాలు. 53ని 365తో గుణిస్తే 19345. మధ్యలో 1972, 1976 అలా 2020 వరకు 13 లీపు సంవత్సరాలు వచ్చాయి కాబట్టి 19358. 19675లోంచి అది తీసేస్తే 317. అంటే 2023లో 317 రోజులు పూర్తయ్యాయి. జనవరి నుంచి అక్టోబర్ చివరికి 304 రోజులు. మిగిలిన 13 రోజులు నవంబర్‌లో గడిచిపోయాయి, కాబట్టి మనం ఉన్నది నవంబర్ 14లో.

వారం కూడా ఇందులోంచే వస్తుంది. 1970 జనవరి 1 గురువారం. 19675ని 7తో భాగిస్తే శేషం 5. గురువారం నుంచి ఐదు రోజులు ముందుకి వెళితే మంగళవారం.

తిరుగు దారిలో అంతా గుణకారమే. 2024 ఫిబ్రవరి 29 మధ్యాహ్నం 12 గంటలు, యూటీసీ అనుకుందాం. 1970 నుంచి 2023 చివరికి 54 సార్లు 365, దానికి 13 కలిపితే 19723 రోజులు. జనవరి 31, ఫిబ్రవరిలో పూర్తయినవి 28, మొత్తం 19782. దాన్ని 86400తో గుణించి, 12 గంటలకు 43200 కలిపితే 1709208000.

ఇక్కడ జారిపోయే చోట్లు రెండు. గడిచిపోయిన రోజుల్నే లెక్కపెట్టాలి, నడుస్తున్న రోజుని కలపకూడదు. రెండోది లీపు నియమం. 4తో భాగితమైతే లీపు, 100తో కూడా భాగితమైతే కాదు, 400తో కూడా భాగితమైతే మళ్ళీ లీపే. 2000 లీపు సంవత్సరం, 2100 కాదు. 4తో మాత్రమే చూసుకునే కోడ్ 2000ని కూడా సరిగ్గానే దాటుతుంది. అందుకే ఆ తప్పు ఎన్నేళ్ళైనా బయటపడదు.

ఈ లెక్కలో ఎక్కడా మనం ఏ దేశపు సమయమని అడగలేదు. మొదటి నుంచి చివరి దాకా అంతా యూటీసీయే. టైమ్‌జోన్ అనేది ఈ లెక్కకు బయట, మొదట్లోనో చివర్లోనో చేరే విషయం.

అంకెలు లెక్కపెట్టండి

కోడ్ రాసే ముందు ఆ సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో చూడండి. ఈ కాలపు తేదీలకు సెకన్లలో అయితే 10 అంకెలు, మిల్లీసెకన్లలో 13, మైక్రోసెకన్లలో 16, నానోసెకన్లలో 19. జావాస్క్రిప్ట్‌లో డేట్.నౌ, జావాలో కరెంట్‌టైమ్‌మిల్లిస్ ఇచ్చేది మిల్లీసెకన్లు. పైథాన్‌లో టైమ్.టైమ్ ఇచ్చేది సెకన్లు. రెండు భాషల్లో రాసిన సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట ఈ వెయ్యి రెట్ల తేడా దాదాపు తప్పకుండా ఎదురవుతుంది.

సెకన్లను మిల్లీసెకన్లు అనుకుంటే 1700000000 కాస్తా 1970 జనవరి 20 అయిపోతుంది. స్క్రీన్ మీద 1970 జనవరి తేదీలు వరసగా కనిపిస్తే ఇంకేమీ వెతక్కండి, యూనిట్ తప్పింది. జనవరి 1 మాత్రమే కనిపిస్తే విలువ సున్నా అయి ఉండవచ్చు, అంటే ఎవరో ఖాళీ డేటాని సున్నాగా మార్చారు. దీనికి ఎదురుగా, మిల్లీసెకన్లను సెకన్లుగా ఇస్తే సంవత్సరం 55 వేలు దాటిపోతుంది. పైథాన్ డేట్‌టైమ్‌లో 9999 సంవత్సరం వరకే చోటుంది కాబట్టి ఎర్రర్ వస్తుంది. ఈ తప్పు వెంటనే దొరుకుతుంది, అదొక మేలు.

మిల్లీసెకన్లు వస్తే 1000తో భాగించి ఇవ్వండి. వచ్చిన సంఖ్య పెద్దదైతే మిల్లీసెకన్లు, లేకపోతే సెకన్లు అని ఊహించే కోడ్ మాత్రం రాయకండి. ఫీల్డ్ పేరులోనే సెకన్లో మిల్లీసెకన్లో రాసి పెడితే ఆ ఊహ అవసరం రాదు.

దశాంశాల విషయంలో కూడా ఒక హద్దు ఉంది. టైమ్.టైమ్ ఇచ్చేది ఫ్లోట్ సంఖ్య. 170 కోట్ల దగ్గర ఫ్లోట్ గుర్తించగల అతి చిన్న తేడా సుమారు 240 నానోసెకన్లు. అంతకన్నా ఖచ్చితత్వం కావాలంటే 3.7 వెర్షన్‌తో వచ్చిన టైమ్_ఎన్ఎస్ వాడండి. అది పూర్ణాంకం ఇస్తుంది.

టైమ్‌స్టాంప్ నుంచి తేదీ

డేట్‌టైమ్ మాడ్యూల్ నుంచి డేట్‌టైమ్, టైమ్‌జోన్ అనే రెండు క్లాసులను ఇంపోర్ట్ చేసుకోండి. తర్వాత డేట్‌టైమ్ క్లాసులోని ఫ్రమ్‌టైమ్‌స్టాంప్ ఫంక్షన్‌ని పిలిచి, మొదటి విలువగా సంఖ్యని, టీజెడ్ అనే పేరుతో టైమ్‌జోన్.యూటీసీని ఇవ్వండి. మనం చేత్తో కట్టిన 2023 నవంబర్ 14, 22:13:20 వస్తుంది, దాని వెనక +00:00 అని ఆఫ్‌సెట్ (యూటీసీకి ఎంత తేడానో చెప్పేది) కూడా ఉంటుంది.

టీజెడ్ ఇవ్వకపోయినా ఈ ఫంక్షన్ పనిచేస్తుంది, చిక్కంతా అక్కడే. ఆ కోడ్ నడుస్తున్న కంప్యూటర్ ఏ జోన్‌లో ఉంటే ఆ సమయం ఇస్తుంది, ఏ జోన్‌దో ఎక్కడా రాయదు. ఇలా జోన్ లేని తేదీని పైథాన్ వాళ్ళు నైవ్ అంటారు, జోన్ ఉన్నదాన్ని అవేర్ అంటారు. కాబట్టి ఫ్రమ్‌టైమ్‌స్టాంప్ రాసిన ప్రతిసారీ టీజెడ్ ఇవ్వండి. పాత కోడ్‌లో కనిపించే యూటీసీఫ్రమ్‌టైమ్‌స్టాంప్, యూటీసీనౌ రెండూ యూటీసీ అంకెలనే ఇస్తాయి, కానీ అవి యూటీసీవని రాయవు. 3.12 వెర్షన్ నుంచి వీటిని వాడొద్దని పైథాన్ హెచ్చరిక చూపిస్తోంది.

ఒక ప్రాంతపు సమయం చూపించాలంటే జోన్‌ఇన్ఫో మాడ్యూల్ కావాలి. ఇది 3.9 నుంచి పైథాన్‌తోనే వస్తుంది. విండోస్‌లో మాత్రం టీజెడ్‌డేటా ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేయాల్సి ఉంటుంది. ప్రాంతం పేరు ఖండం, స్లాష్, నగరం రూపంలో ఉంటుంది, అమెరికా/న్యూ_యార్క్, ఆసియా/కోల్‌కతా అన్నట్టు. ఆఫ్‌సెట్‌ని మీరే గంటల్లో కూడటం, తీసివేయడం చేయకండి. అన్ని ఆఫ్‌సెట్లూ పూర్తి గంటల్లో ఉండవు, భారత్‌ది 5:30, నేపాల్‌ది 5:45. పైగా న్యూయార్క్‌లో అది ఏడాదికి రెండుసార్లు మారుతుంది.

చివరగా స్క్రీన్ మీద చూపించే రూపం. స్ట్ర్‌ఎఫ్‌టైమ్‌కి మీకు కావలసిన ఫార్మాట్ ఇస్తే తేదీని ఆ రూపంలో స్ట్రింగ్‌గా ఇస్తుంది. మరో ప్రోగ్రామ్ చదవాల్సిన తేదీ అయితే ఐసోఫార్మాట్ వాడండి. అందులో ఆఫ్‌సెట్ కూడా రాసి ఉంటుంది, కాబట్టి అవతలివాళ్ళు ఊహించాల్సిన పని ఉండదు.

తేదీ నుంచి టైమ్‌స్టాంప్

ఈ దారి కష్టమైనది. ఎందుకంటే మనుషులు రాసిన తేదీలో జోన్ సాధారణంగా ఉండదు.

మొదట స్ట్రింగ్‌ని తేదీగా మార్చాలి. ఐసో రూపంలో ఉంటే, అంటే 2024-02-29టి12:00:00+00:00 లాంటిది, ఫ్రమ్‌ఐసోఫార్మాట్ చాలు. చివర జెడ్ అక్షరంతో ముగిసే రూపాన్ని అది 3.11 నుంచే అర్థం చేసుకుంటుంది. అంతకు ముందు వెర్షన్లలో ఆ జెడ్‌ని +00:00గా మార్చి ఇవ్వాలి.

వేరే రూపాలకు స్ట్ర్‌పీటైమ్. ఇందులో పీ అంటే పార్స్, ఇందాకటి స్ట్ర్‌ఎఫ్‌టైమ్‌లో ఎఫ్ అంటే ఫార్మాట్. పేర్లు కలిసిపోకుండా నేను అలా గుర్తుపెట్టుకుంటాను. శాతం గుర్తు పక్కన రాసే అక్షరాల్లో చిన్నా పెద్దా తేడా ముఖ్యం. పెద్ద వై నాలుగంకెల సంవత్సరం, చిన్న వై రెండంకెలది. చిన్న ఎమ్ నెల, పెద్ద ఎమ్ నిమిషం. పెద్ద హెచ్ 24 గంటల గడియారం, పెద్ద ఐ 12 గంటలది, చిన్న పీ ఏఎం, పీఎంలకు.

ఈ చివరి మూడింటి దగ్గర ఒక తప్పు చడీచప్పుడు లేకుండా దూరుతుంది. 10:13 పీఎం అన్న స్ట్రింగ్‌కి పెద్ద హెచ్, చిన్న పీ కలిపి ఫార్మాట్ ఇచ్చారనుకోండి. పైథాన్ పీఎంని చదువుతుంది, కానీ లెక్కలోకి తీసుకోదు. ఉదయం 10:13 వస్తుంది. ఏఎం, పీఎం ఉన్నచోట పెద్ద ఐ మాత్రమే పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు మెట్టు. స్ట్ర్‌పీటైమ్ ఇచ్చిన తేదీలో జోన్ ఉందా లేదా చూడండి. స్ట్రింగ్‌లో ఆఫ్‌సెట్ ఉండి, ఫార్మాట్‌లో చిన్న జెడ్ రాసి ఉంటేనే జోన్ వస్తుంది. లేకపోతే అది నైవ్. దాని మీద నేరుగా టైమ్‌స్టాంప్ ఫంక్షన్‌ని పిలిస్తే పైథాన్ దాన్ని ఆ కంప్యూటర్ లోకల్ సమయం అనుకుని మార్చేస్తుంది.

ఒకసారి నేను ఇలాగే యూటీసీనౌ వెనకే టైమ్‌స్టాంప్‌ని పిలిచి విలువ సేవ్ చేశాను. సర్వర్ యూటీసీలో ఉండేది కాబట్టి అక్కడ అంతా సరిగ్గా ఉంది. నా కంప్యూటర్‌లో మాత్రం కొత్త రికార్డులన్నీ ఐదున్నర గంటల పాతవిగా కనిపించాయి. యూటీసీ అంకెలను పైథాన్ నా లోకల్ సమయం అనుకుని, అందులోంచి 19800 సెకన్లు తీసేసింది. రోజంతా డేటాబేస్‌ని, నెట్‌వర్క్‌ని అనుమానించాక ఆ 19800 అన్న సంఖ్య కంటబడింది. ఐదున్నరని 3600తో గుణిస్తే సరిగ్గా అంతే. కారణం అప్పుడర్థమైంది.

కాబట్టి తేదీ నైవ్‌గా వస్తే, అది ఏ జోన్‌దో మీకు తెలిసి ఉండాలి, ఆ జోన్‌ని మీరే దానికి తగిలించాలి. దానికి రీప్లేస్ ఫంక్షన్‌కి టీజెడ్‌ఇన్ఫో పేరుతో జోన్ ఇవ్వండి. తర్వాత టైమ్‌స్టాంప్ పిలిచి, పూర్ణాంకంగా మార్చుకోండి. రీప్లేస్‌కి, యాజ్‌టైమ్‌జోన్‌కి తేడా ఇక్కడ గట్టిగా గుర్తుండాలి. రీప్లేస్ అంకెలను కదపదు, వాటికి జోన్ పేరు తగిలిస్తుంది. యాజ్‌టైమ్‌జోన్ క్షణాన్ని కదపదు, అంకెలను కొత్త జోన్‌కి తగ్గట్టు మారుస్తుంది. జోన్ లేని తేదీకి రీప్లేస్, జోన్ ఉన్న తేదీకి యాజ్‌టైమ్‌జోన్. తారుమారు చేస్తే రెండూ ఎర్రర్ ఇవ్వవు, తప్పు సమాధానమే ఇస్తాయి.

రెండుసార్లు వచ్చే గంట

జోన్ తగిలించినా ఒక చిక్కు మిగులుతుంది. 2024 నవంబర్ 3న న్యూయార్క్‌లో తెల్లవారుజామున 2 గంటలకు గడియారాన్ని ఒంటిగంటకు వెనక్కి తిప్పారు. అంటే ఆ రోజు 1:30 రెండుసార్లు వచ్చింది. మొదటి 1:30 టైమ్‌స్టాంప్ 1730611800, రెండోది 1730615400. రాసుకున్న తేదీ ఒకటే, క్షణాలు రెండు. పైథాన్ 3.6లో తెచ్చిన ఫోల్డ్ అనే గుణం దీనికే. ఫోల్డ్ 0 అయితే మొదటిది, 1 అయితే రెండోది. మీరేమీ చెప్పకపోతే 0.

అదే ఏడాది మార్చి 10న 2:30 అనే సమయం అక్కడ రానే లేదు, గడియారం 2 నుంచి 3కి దూకింది. అయినా 2:30 ఇస్తే పైథాన్ కాదనదు, ఏదో ఒక సంఖ్య ఇస్తుంది. దీన్ని పట్టుకునే తేలికైన దారి తిరుగు ప్రయాణం. వచ్చిన టైమ్‌స్టాంప్‌ని మళ్ళీ అదే జోన్‌లో తేదీగా మార్చండి. 2:30కి బదులు 3:30 వస్తుంది. మొదలుపెట్టిన తేదీ తిరిగి రాకపోతే ఆ సమయం లేదన్నట్టే.

ఒక రోజు రికార్డులన్నీ వెతికేటప్పుడు కూడా ఇది అవసరం. అర్ధరాత్రి టైమ్‌స్టాంప్‌కి 86400 కలిపితే మర్నాడు అర్ధరాత్రి వస్తుందని రాసేస్తుంటారు. న్యూయార్క్‌లో ఆ నవంబర్ 3న 90000 సెకన్లున్నాయి, ఆ మార్చి 10న 82800. రెండు అర్ధరాత్రులనూ ఆ జోన్‌లో తేదీలుగానే తయారుచేసి, విడివిడిగా మార్చండి. మొదటిదానికి సమానం లేదా ఎక్కువ, రెండోదానికన్నా తక్కువ అని వెతకండి.

1970కి ముందు, 2038 తర్వాత

ఎపాక్‌కి ముందు తేదీలకు రుణ సంఖ్యలు. −1 అంటే 1969 డిసెంబర్ 31, 23:59:59. పైథాన్ పూర్ణాంక భాగహారం (//) కిందికి సవరిస్తుంది కాబట్టి −1ని 86400తో భాగిస్తే −1వ రోజు, శేషం 86399 అని సరిగ్గా వస్తుంది. సీ, జావాల్లో మామూలు భాగహారం సున్నా వైపు సవరిస్తుంది, శేషం రుణంగా వస్తుంది, జావాలో అందుకే ఫ్లోర్‌డివ్ వాడాలి. విండోస్‌లో రుణ విలువలకు ఫ్రమ్‌టైమ్‌స్టాంప్ ఎర్రర్ ఇస్తే, యూటీసీ జోన్‌తో 1970 జనవరి 1 తేదీని తయారుచేసి దానికి టైమ్‌డెల్టాతో ఆ సెకన్లు కలపండి.

సైన్ ఉన్న 32 బిట్లలో పట్టే అతిపెద్ద విలువ 2147483647, అంటే 2038 జనవరి 19, 03:14:07 యూటీసీ. మరుసటి సెకనుకి అది రుణంగా తిరిగి 1901 డిసెంబర్ 13కి పోతుంది. పైథాన్ పూర్ణాంకాలకు ఈ హద్దు లేదు, కానీ మీరు ఆ విలువని దాచే చోట ఉండవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ అనే కాలమ్ రకం ఆ క్షణంతోనే ఆగిపోతుంది. ఇరవై ఏళ్ళ అప్పుల గడువులు, సర్టిఫికెట్ల గడువులు ఇప్పటికే ఆ తేదీని దాటుతున్నాయి. కొత్త టేబుల్ అయితే 64 బిట్ల పూర్ణాంకం పెట్టండి.

సరిచూసుకోవడం

టెస్టుల్లో పెట్టుకోవడానికి కొన్ని విలువలు ఇస్తాను, అన్నీ యూటీసీ. 0 అంటే 1970 జనవరి 1 అర్ధరాత్రి. 1000000000, అంటే 100 కోట్లు, 2001 సెప్టెంబర్ 9, 01:46:40. 1234567890 అంటే 2009 ఫిబ్రవరి 13, 23:31:30. 1709208000 మనం చేత్తో కట్టిన లీపు రోజు. 2000000000 అంటే 2033 మే 18, 03:33:20. ఈ టెస్టులను కంప్యూటర్ జోన్ యూటీసీగా ఉన్నప్పుడు ఒకసారి, వేరే జోన్ పెట్టి ఇంకోసారి నడపండి. లైనక్స్‌లో, మ్యాక్‌లో టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మారిస్తే సరిపోతుంది. రెండుసార్లూ ఒకే సమాధానం రాకపోతే ఎక్కడో ఒక నైవ్ తేదీ మిగిలిపోయింది.

తేడా దొరికినప్పుడు కోడ్ చదవడానికి ముందు ఆ తేడాని సెకన్లలో లెక్క కట్టండి. 3600 అయితే గడియారం మార్పుని కోడ్ పట్టించుకోలేదు. 43200 అయితే పీఎంని మింగేసింది, ఫార్మాట్‌లో పెద్ద హెచ్ కోసం చూడండి. 19800 లాగా మీ ఆఫ్‌సెట్‌కి సమానమైతే జోన్ తగిలించలేదు. ఆఫ్‌సెట్‌కి సరిగ్గా రెట్టింపు ఉంటే జోన్ సవరణ రెండుసార్లు జరిగింది, లేదా కూడాల్సిన చోట తీసేశారు. 86400 అయితే నడుస్తున్న రోజుని కూడా గడిచిన రోజుల్లో కలిపేశారు.